ఇరవై మూడో స్లైడులో నిలబడ్డ మనిషి

కరోనా తగ్గి, క్లాసులు మళ్లీ గదుల్లోకి వచ్చిన రెండో ఏడాది అది. కంది దగ్గర, హైవే పక్కన ఉన్న ఒక యూనివర్సిటీలో నేను యాక్సెసిబిలిటీ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. ఈ ఉద్యోగం పేరు చెబితే మా హత్నూరలో ఎవరికీ ఎక్కదు. "కంప్యూటర్ల పని" అంటే సరే అని ఊరుకుంటారు. అసలు సంగతేమిటంటే, చూపు లేని పిల్లలు కంప్యూటర్‌ని చెవులతో చదువుతారు. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీది అక్షరాలను గడగడా పైకి చదివేస్తుంది. బొమ్మ ఎదురైతే మాత్రం దాని నోరు పడిపోతుంది. అందుకని ప్రతి బొమ్మ వెనకా అదేమిటో రెండు మూడు వాక్యాల్లో రాసి పెట్టాలి. దాన్ని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. ప్రొఫెసర్లు పంపే పాఠాలన్నిటికీ అది రాసేది నేనే.

పదేళ్లు సంగారెడ్డిలో డీటీపీ షాపులో పెళ్లి కార్డులు కొట్టిన చేతులివి. స్పీడు ఉంది కానీ ఓపిక తక్కువ. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో తప్పు నాదే.

నా గది లైబ్రరీ వెనక, జనరేటర్ షెడ్డు పక్కన. కిటికీలోంచి చూస్తే పత్తి చేలు. మబ్బు పట్టిన రోజుల్లో గాలి తిరిగితే పటాన్‌చెరు ఫ్యాక్టరీల వైపు నుంచి ఒక ఘాటు వాసన వస్తుంది, చెమ్మ పట్టిన మందుబిళ్లల డబ్బా మూత తీసినట్టు. ఇక్కడ పుట్టినవాళ్లం దాన్ని పట్టించుకోం. పనిలో నాకొక పద్ధతి ఉంది. ఫైలు పూర్తయ్యాక మానిటర్ ఆపేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా వింటాను. పిల్లలకు ఎలా వినపడుతుందో నాకూ అలాగే వినపడాలి. కళ్లు సాయం వస్తే తప్పులు దొరకవు.

ఆ జులైలో వచ్చిన ఫైలు ఇండస్ట్రియల్ సేఫ్టీ పాఠం. ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు ఎందుకు జరుగుతాయో, ఎలా ఆపాలో చెప్పే సబ్జెక్టు. చెప్పేది రామ్మోహనరావు గారు. నలభై ఏళ్ల కింద గోదావరి జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక మా దగ్గర పాఠాలు చెబుతున్నారు. మొత్తం ముప్పై ఒక్క స్లైడ్లు. రాసేశాను. మానిటర్ ఆపి వినడం మొదలుపెట్టాను. బయట వాన. ఇరవై మూడో స్లైడు దగ్గర గొంతు "కేస్ స్టడీ నాలుగు, చేంజ్ రూం" అంది. చేంజ్ రూం అంటే కార్మికులు బట్టలు మార్చుకునే గది. ఆ తర్వాత బొమ్మ. దానికి రాయడం నేను మరిచిపోయినట్టున్నాను. ఏమీ రాయకపోతే సాఫ్ట్‌వేర్ తనే బొమ్మను చూసి ఒక అంచనా చెబుతుంది.

"వన్ పర్సన్. స్టాండింగ్. ఇండోర్."

మానిటర్ పెట్టి చూశాను. పొగ పట్టిన గోడలు, వంగిపోయిన ఇనుప తలుపు చట్రం, లోపలంతా మసక చీకటి. మనిషన్నవాడు లేడు. ఇదొక పిచ్చి మిషన్ అనుకుని ఆ మాట తీసేశాను. మళ్లీ తెర ఆపి విన్నాను.

"వన్ పర్సన్. స్టాండింగ్."

మూడోసారీ అదే. అదే గొంతు, కరెంటు బిల్లు చదివినా, కవిత చదివినా ఒకేలా చదివే గొంతు. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. ఆ ఫొటోను పెద్దది చేసి చూడాలని అనిపించలేదు. ఎంతసేపు చూస్తే అంతగా ఆ కుడి పక్క మూలలో ఎవరో ఉన్నట్టే అనిపిస్తోంది. పైగా యూనివర్సిటీ బస్సుకు ఐదు నిమిషాలే ఉంది. మా పనిలో ఒక టిక్ బాక్స్ ఉంటుంది. దాని పేరు డెకరేటివ్. పేజీ అంచున పూలు, గీతలు, లోగోలు లాంటి అలంకారాలకు అది కొడతాం. కొడితే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను చప్పుడు లేకుండా దాటేస్తుంది. వినేవాళ్ల వరకు అక్కడ ఏ బొమ్మా లేనట్టే.

ఆ టిక్ కొట్టేసి, బస్సెక్కాను.

వారం తర్వాత అనిత వచ్చింది. సోషల్ వర్క్ డిగ్రీ రెండో ఏడాది, పుట్టుకతోనే చూపు లేదు. ముత్తంగి నుంచి రోజూ బస్సులో వస్తుంది. తల్లి అక్కడే ఒక గోదాంలో ప్యాకింగ్ పని. మా ఇద్దరికీ రోజూ కీచులాటే. "యాదన్నా, 'ఒక గ్రాఫ్' అని రాసినవ్. గ్రాఫని నాకు గూడ ఎర్కే, పైకి పోతుందా కిందికి పోతుందా గది చెప్పు" అని నా తప్పులు ఏరుతుంది. ఆ రోజు ఆ వేళాకోళం లేదు. కర్ర మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"యాదన్నా, సేఫ్టీ పాఠంల ఇరవై మూడుల ఏమున్నది?"

"ఏం లేదు. డిజైన్ గంతే" అన్నాను.

"డిజైన్‌కు క్లాసంత ఎందుకు గమ్మునైతది?"

ఆమే చెప్పింది. "సార్ ఇరవై రెండు చెప్పిండు. ఇరవై మూడు పెట్టిండు. నా ల్యాప్‌టాప్ ఏం మాట్లాడలే. క్లాసుల గూడ ఎవ్వలు మాట్లాడలే. ఫ్యాన్లు తిరుగుతున్న సప్పుడు ఒక్కటే. ఎనక బెంచిల ఎవడో 'అరె, ఎవర్రా ఆ మూలకు నిలబడ్డది' అన్నడు. ఆడివిల్ల ఎవరో 'అమ్మో' అన్నది. తర్వాత సార్ తలుపు గురించి ఏదో చెప్పి ఇరవై నాలుగుకు పోయిండు. అందరికి అక్కడ ఏదో ఉన్నదన్నా. నా ఒక్కదానికే ఏం లేదు."

మిషన్ ఒక్కటే కాదు, క్లాసు కూడా అతన్ని చూసిందన్న మాట. ఆ పిల్ల ముందు సిగ్గేసింది కూడా. భయపడి నేను మూసేసిన తలుపు ముందు ఆమెను ఒక్కదాన్నే నిలబెట్టాను.

"తప్పయింది బిడ్డా. ఉండు, సూస్తా" అని ఫైలు తీసి, ఫొటో పెద్దది చేసి, వెలుతురు పెంచాను. మసక విడిపోయింది. ఎదురుగోడకు వరసగా బట్టలు తగిలించే కొక్కేలు. అన్నీ ఖాళీ. కుడివైపు చివరి కొక్కేనికి మాత్రం ఒక చొక్కా, దాని కిందుగా ప్యాంటు. కొక్కెం మీద టోపీ. నేల మీద చెప్పుల జత, వేళ్ల వైపు గోడకు. ఒక మనిషి గోడవైపు తిరిగి నిలబడితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

ఊపిరి వదిలి నవ్వేశాను. "బట్టలే తల్లీ! కొక్కేనికి తగిలేసిన బట్టలు. మేమంత గాలికి పరేషానైనం."

అనిత నవ్వలేదు. "ఎసొంటి బట్టలు?"

"నీలం గీతల అంగి. బూడిద రంగు ప్యాంటు."

"ఇంకేమున్నది?"

"పక్కనే వైరు బుట్ట. టిఫిన్ పెట్టుకునేది. ఒక దిక్కు ఒరిగి ఉన్నది."

"ఎందుకు ఒరిగింది?"

దగ్గరగా చూశాను. "ఒక పిడి పొట్టిగున్నది."

అనిత కుడి చెయ్యి ఒళ్లోంచి పైకి లేచి గాల్లో మెల్లగా ముడుచుకుంది, దేన్నో పట్టుకున్నట్టు. చాలాసేపు ఆ పిడికిలి అలాగే ఉంది.

"మా అమ్మ అల్లిన బుట్ట" అంది చివరికి. "నాయిన డ్యూటీకి పోయేటప్పుడు బస్టాపు దాంక నేను గూడ నడిసేదాన్ని. నేను పట్టుకునేది ఆ పొట్టి పిడినే."

ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు తండ్రి ఒక కెమికల్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. ఒకరోజు మధ్యాహ్నం అక్కడ రసాయనాలు ఉడికించే రియాక్టర్ పేలింది. చనిపోయినవాళ్ల పేర్లలో అతని పేరు లేదు. దెబ్బలు తగిలినవాళ్లలోనూ లేదు. హాజరు పుస్తకం కాలిపోయింది. కాంట్రాక్టరేమో, ఆ మనిషి ఆ రోజు డ్యూటీకే రాలేదని చెప్పాడు. మనిషి మాత్రం ఇంటికి తిరిగి రాలేదు.

"మా పెద్దనాయినోళ్లు యాడికో వోయిండన్నరు. ఇంకో సంసారం పెట్టుకున్నడన్నరు. గుడ్డి పిల్లను సాకలేక పోయిండని నా ముంగటనే అన్నరన్నా. నాకు కండ్లు లేవు గని చెవులున్నయ్ గద. పదకొండేండ్ల సంది నేను గదే అనుకుంటున్న. నన్ను సూసే పోయిండని."

అప్పుడర్థమైంది, సోషల్ వర్క్ చదివే పిల్ల ఈ సేఫ్టీ సబ్జెక్టు ఎందుకు తీసుకుందో. ఫ్యాక్టరీలు ఎలా పేలతాయో తెలుసుకుందామని వచ్చింది.

స్లైడు మీద కంపెనీ పేరు లేదు. అది ఆ ఫ్యాక్టరీయో కాదో నాకు తెలియదు. వైరు బుట్టలు ఇంటింటా ఉంటాయి, పిడి పొట్టివి కూడా ఉంటాయి. ఆ మాటే ఆమెకు చెప్పి, తొందరపడొద్దన్నాను. మర్నాడు పొద్దున్నే రామ్మోహనరావు గారి గదికి వెళ్లాను.

"ఏమయ్యా యాదగిరీ, నా పాఠానికి ఏమన్నా లోటొచ్చిందా?" అన్నారు.

"ఇరవై మూడు, సార్. ఈ ఫొటో ఎక్కడిది?"

ఆయన చెప్పిన ఊరు, చెప్పిన సంవత్సరం, పేలిన వేళ, అన్నీ అనిత చెప్పినవే. "మర్నాడు పొద్దున తీశానయ్యా, సలహా అడిగితే చూడ్డానికి వెళ్లాను. ఆ తలుపు చట్రం చూడు, బయటికి కాదు, లోపలికి వంగింది. ఒత్తిడి ఎటు నుంచి వచ్చిందో చెప్పడానికి అంతకన్నా మంచి ఫొటో లేదు."

"ఆ చివరి కొక్కెం చూడండి సార్."

ఆయన తన కంప్యూటర్లో అసలు ఫొటో తెరిచారు. నా దగ్గరున్న దానికన్నా చాలా స్పష్టంగా ఉంది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన మాట్లాడిన తీరు పాఠం చెప్పినట్టు లేదు.

"పొద్దున రాగానే ఇంటి బట్టలు విప్పి కొక్కేనికి తగిలిస్తారు. కంపెనీ బట్టలు, బూట్లు వేసుకుని లోపలికి వెళ్తారు. సాయంత్రం మళ్లీ ఇవి తొడుక్కుని ఇంటికి. ఇంటి బట్టలు ఇక్కడ వేలాడుతున్నాయంటే మనిషి లోపల ఉన్నట్టే. ఆ పొద్దున నేను అక్కడే నిలబడి ఉన్నానయ్యా. బతికినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఎవరి బట్టలు వాళ్లు తీసుకెళ్లారు. పోయినవాళ్లవి వాళ్ల తాలూకు మనుషులు వచ్చి తీసుకెళ్లారు, ఏడుస్తూ. అందుకే అన్ని కొక్కేలూ ఖాళీ."

"మరివి?"

కాసేపటికి, "మధ్యాహ్నానికల్లా షెడ్డు మొత్తం పడగొట్టేశారు" అన్నారు. ఇంకాసేపటికి, "ఇన్నేళ్లుగా పిల్లలకు చూపిస్తున్నాను. అటు చూడకండర్రా, తలుపు చూడండి, తలుపు చూడండి అంటూ" అన్నారు. ఆ పెద్దమనిషి కళ్లలో నీళ్లు చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

అసలు ఫొటో తెచ్చుకుని ఆల్ట్ టెక్స్ట్ రాయడానికి కూర్చున్నాను. ఏడు చిన్న వాక్యాలకు రెండు రోజులు పట్టింది. మొదట "చనిపోయిన కార్మికుడి బట్టలు" అని రాసి కొట్టేశాను. ఫొటోలో చావు కనపడదు, బట్టలే కనపడతాయి. కనపడిందే రాయాలి, మన ఊహ కలపకూడదు అన్నది మా పనిలో మొదటి రూలు. "ఎవరో నిలబడినట్టున్న బట్టలు" అని రాసి అదీ కొట్టేశాను. రాస్తున్నంతసేపూ వీపు వెనక ఎవరో నిలబడి, నేనేం రాస్తున్నానో చూస్తున్నట్టే ఉంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను కూడా.

ఆ వారంలోనే, తల్లికి సెలవు దొరికిన రోజు, అనిత ఆమెను తీసుకొచ్చింది. పేరు సుగుణమ్మ. నా ఈడుదే అయ్యుంటుంది, కానీ నాకన్నా పదేళ్లు పెద్దదానిలా ఉంది. కుర్చీ అంచున కూర్చుని, కొంగు రెండు చేతుల్లో పట్టుకుంది. కూతురు ఆమెకు బుట్ట సంగతి, పిడి సంగతి చెప్పిందట. బుట్ట రంగులు మాత్రం నేను అనితకూ చెప్పలేదు, కావాలనే. పిడి పొట్టిదని కూతురి చేతికి తెలుసు. రంగు తెలిసింది అల్లిన మనిషికే.

"ఫొటో సూస్తవా అక్కా?" అన్నాను.

"నేను సూడలేను సారూ. సదివియ్యి. నా బిడ్డ ఎట్ల ఇంటదో నేను గట్లనే ఇంట."

అలవాటు కొద్దీ మానిటర్ ఆపేశాను. హెడ్‌ఫోన్లు తీసేసి స్పీకర్లు పెట్టాను. ఆ నల్లటి తెర ముందు ముగ్గురం కూర్చున్నాం. తెలుగు గొంతు, ఏ ఎత్తూ పల్లమూ లేకుండా, చదివింది.

"పొగ పట్టిన గది. ఎడమ పక్క లోపలికి వంగిన ఇనుప తలుపు చట్రం. ఎదురుగోడకు బట్టల కొక్కేలు, చివరిది తప్ప అన్నీ ఖాళీ. చివరి కొక్కేనికి నీలం గీతల చొక్కా, బూడిద రంగు ప్యాంటు, టోపీ. కింద ఒక జత చెప్పులు. పక్కన ఆకుపచ్చ వైరు బుట్ట. దాని పిడుల్లో ఒకటి పసుపుపచ్చది, రెండోదాని కన్నా పొట్టి."

సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, ఎవరితోనో మామూలుగా కబురు చెబుతున్నట్టు అంది. "ఆకుపచ్చ వైరు ఒడిసిపోయింది. పక్కింటామెనడిగితే పసుపుది జెరంత ఇచ్చింది. సాలలే. పొట్టిగైంది. మల్ల ఇప్పి అల్లుతనంటె, ఉండనియ్యి, బిడ్డ పట్టుకునేటందుకు మంచిగున్నది అన్నడు."

అనిత తల్లి భుజం మీద మొహం పెట్టేసింది. అయిపోయిందనుకున్నాను. కాలేదు.

"సారూ," అంది సుగుణమ్మ, "తిన్నడా?"

నాకర్థం కాలేదు.

"ఆ రోజు పొద్దుగాల తినకుంట పోయిండు సారూ. డబ్బ గట్టిచ్చిన. గదంత జరిగింది పగటీలి అన్నం యాల్ల తర్వాతనే అన్నరు. తిన్నంక పోయిండా, తినకముందే పోయిండా? గా ఫొటోల డబ్బ ఉన్నదా?"

డబ్బా గురించి నేను రాయలేదు. కొక్కేల కింద పొడుగాటి బెంచీ ఒకటుంది. దాని మీద గుండ్రంగా ఏదో ఉన్నట్టు చూశాను, అవసరం లేదని వదిలేశాను. ఒకసారి మొత్తం ఫొటోనే అవసరం లేదన్నవాణ్ణి, ఈసారి దాంట్లో ఒక మూలను అవసరం లేదన్నాను. బుద్ధి రాలేదు నాకు.

"సూడన్నా" అంది అనిత.

మానిటర్ పెట్టాను. సుగుణమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. నేను బెంచీని దగ్గరికి లాగి, లాగి చూశాను. ఎన్నేళ్లుగానో ఫొటోలు చూసి రాస్తున్నాను గానీ, ఏ ఫొటోలోనూ ఒక వస్తువు కోసం అంతగా దేవుణ్ణి తలుచుకోలేదు.

"స్టీలు డబ్బా ఉన్నదక్కా. బెంచీ మీద. బోర్లించి ఉన్నది. మూత పక్కకు, గోడకు ఒరగబెట్టి ఉన్నది."

"బోర్లించి ఉన్నదా?"

"ఆ, అక్కా. బోర్లించే ఉన్నది."

ఆమె గోడ వైపు నుంచి మొహం తిప్పింది. కూతురి తల నిమురుతూ అంది. "మీ నాయిన యాడికి పోలే బిడ్డా. అన్నం తిన్నడు. డబ్బ కడిగి, నీళ్లు గారేటట్టు బోర్లించిండు. ఇంట్ల గూడ గట్లనే బోర్లించేటోడు. పనిల పడ్డడు. గంతే."

రామ్మోహనరావు గారు అసలు ఫొటోను జతచేసి, ఆ మనిషి ఆ రోజు డ్యూటీలోనే ఉన్నాడని, తాను చూసింది చూసినట్టు సంతకం పెట్టి ప్రభుత్వ ఆఫీసులకు రాశారు. ఆ కాగితం ఇంకా తిరుగుతూనే ఉంది. సుగుణమ్మ మాత్రం ఆ ఏడు మొదటిసారి పెద్దల అమావాస్యనాడు, పోయినవాళ్లకు చేసినట్టు, మొగుడి పేరున బియ్యం ఇప్పించిందని, ఎక్కడికో వెళ్లిపోయాడన్న బావ వాళ్లను పిలిచి వాళ్ల చేతనే విస్తరి వేయించిందని అనిత చెప్పింది.

ఆ తర్వాత డెకరేటివ్ టిక్ కొట్టే ముందు నేను ఆ బొమ్మను పూర్తి సైజులో, నాలుగు మూలలూ చూస్తాను. పూల అంచు అయినా సరే. ఎవరికి ఏది అవసరమో తేల్చే అధికారం నాకెవరూ ఇవ్వలేదు. ఒకరోజు ఊరికే, ఇరవై మూడు దగ్గర నేను రాసింది తాత్కాలికంగా తీసి, తెర ఆపి విన్నాను. "వన్ పర్సన్. స్టాండింగ్" అంది. ఈసారి తీసేయాలనిపించలేదు. అందరం కాదన్న మనిషిని ఉన్నాడని నాకు ముందుగా చెప్పింది అదే.

తల్లీ కూతురూ వెళ్లిన ఆ సాయంత్రమే నా ఆల్ట్ టెక్స్ట్‌కు చివర ఒక వాక్యం కలిపాను. "బెంచీ మీద కడిగి బోర్లించిన స్టీలు డబ్బా, పక్కన మూత." కడిగిన సంగతి ఫొటోలో కనపడదు. రూలు ప్రకారం ఆ మాట రాయకూడదు. రాశాను. ఇప్పటికీ అలాగే ఉంది.